చెరువు మెట్ల మీది పర్యావరణం: పల్నాటి నుంచి కొన్ని ప్రశ్నలు

ఏటా మే నెల వచ్చిందంటే పేపర్లలో ఒక ఊరిపేరు తప్పకుండా పడుతుంది. రెంటచింతల. గురజాల పక్కనున్న ఈ ఊరు పల్నాటి ఎండకంతటికీ చిరునామా అయిపోయింది. ‘నిప్పుల కొలిమి’ అన్న హెడ్డింగు, దాని కింద ఒక ఫోటో. ఆ ఫోటో ఏళ్ళ తరబడి మారలేదు. ముఖానికి చున్నీ చుట్టుకుని స్కూటరు మీద పోయే అమ్మాయి, కొబ్బరిబొండాల బండి, లేదంటే మనిషి జాడ లేని సెంటరు. ‘నిర్మానుష్యమైన రోడ్లు’ అని రాస్తారు. అంటే జనం ఇళ్ళల్లో ఉన్నారని అర్థం. ఇళ్ళల్లో ఉండగలిగినవాళ్ళే జనం అని కూడా అర్థం. సరిగ్గా ఆ వేళకే మిరప కల్లాల్లో తాలుకాయలు ఏరే ఆడోళ్ళు, పిడుగురాళ్ళ సున్నపు బట్టీల దగ్గర రాయి మోసే కూలోళ్ళు, కాలవ పూడిక తీసేవాళ్ళు ఎండలోనే ఉంటారు. వాళ్ళు ఆ ఫోటోలో పడరు. 2015 మే ఎండలకు దేశం మొత్తం మీద రెండు వేల మందికి పైగా చచ్చిపోయారు. వాళ్ళల్లో అత్యధికులు ఆంధ్ర, తెలంగాణ వాళ్ళే. చనిపోయినవాళ్ళ సంఖ్య పేపర్లలో వచ్చింది. వాళ్ళు ఏ పల్లె వాళ్ళు, ఏ పనిలో ఉండి పోయారు అన్న చర్చ మాత్రం జరగలేదు.

నేను మాట్లాడదలచుకున్నది ఎండ గురించి కాదు. ఎండను గురించి, అడవిని గురించి, నీళ్ళను గురించి తెలుగులో మాట్లాడే పద్ధతి గురించి. దీన్ని మనవాళ్ళు పర్యావరణ చైతన్యం అంటున్నారు. భూతాపం, వాతావరణ మార్పు, పౌర కార్యాచరణ అన్న మాటలు ఇప్పుడు నరసరావుపేట కాలేజీ గోడల మీద కూడా కనపడుతున్నాయి. మంచిదే. కానీ ఈ రాతల్లో ఒక సర్వనామం ఉంది. ‘మనం’. మనం అడవులు నరికాం, మనం నీళ్ళు పాడుచేశాం, మనం మేలుకోవాలి. ఈ ‘మనం’లో క్వారీ ఓనరూ ఉన్నాడు, ఆ క్వారీలో డ్రిల్లింగు దుమ్ము మింగేవాడూ ఉన్నాడు. పాపం మాత్రం ఇద్దరికీ సమానంగా పంచుతున్నారు. ఊరి ఆస్తిలో వాటా ఎన్నడూ ఇవ్వనివాళ్ళు పాపంలో సగం వాటా ఇస్తామంటే తీసుకోవడానికి మేం సిద్ధంగా లేం.

ఇంకో మాట ‘పౌరుడు’. పౌరులు ఏంచేయాలి అని చిన్నచిన్న పుస్తకాలు, కరపత్రాలు వస్తుంటాయి. మొక్కలు నాటండి, ప్రజాప్రతినిధికి ఉత్తరం రాయండి, ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్ళి మాట్లాడండి, అవసరమైతే కోర్టుకు పోండి. పౌరుడు అన్న మాట పురం నుంచి వచ్చింది. ఊరి బయట పల్లెలో ఉన్నోడు పౌరుడెట్లా అవుతాడని భాషే అడుగుతోంది. ఇది మాటల గారడీ అని కొట్టేయొద్దు. కలెక్టరు ఎదుట మైకు పట్టుకుని ఫ్యాక్టరీ వద్దనో, ఇన్ని షరతులు పెట్టమనో చెప్పాలంటే, మర్నాడు పనికి ఎవరి చేలోకి పోవాలో ఆ మనిషి ఆలోచించుకోవాలి. ఆ ఆలోచన లేనివాడే కరపత్రాల్లోని పౌరుడు.

పల్నాడుకు ఈ విషయంలో పెద్ద చరిత్రే ఉంది. 1921లో పుల్లరి సత్యాగ్రహం జరిగింది. అడవిలో పశువులు మేపుకున్నందుకు కట్టే పన్ను పుల్లరి. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత రిజర్వు గీతలు ఊళ్ళ దాకా వచ్చాయి. మెట్ట పంటలు, పశువులే ఆధారంగా బతికే మాచర్ల, వెల్దుర్తి వైపు పల్లెలు పన్ను కట్టం పొమ్మన్నాయి. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు మనిషి కన్నెగంటి హనుమంతును పోలీసులు కాల్చి చంపారు. చౌరీచౌరా తర్వాత గాంధీ ఉద్యమాన్ని ఆపేసిన నెల అది. పైన నాయకత్వం దిగిపోయింది, కింద అడవి అంచున తూటా పేలింది. ఇప్పుడు మన పర్యావరణవాదులు చిప్కో నుంచి కథ మొదలుపెడతారు గానీ, అడవి మీద ప్రజల హక్కు అన్న మాటకు పల్నాడు అంతకు యాభై ఏళ్ళ ముందే నెత్తురు కట్టింది. ఆ గౌరవం ఇవ్వాల్సిందే.

ఇచ్చిన తర్వాత కొన్ని ప్రశ్నలు వేయాలి. సత్యాగ్రహంలో వాడిన ప్రధాన ఆయుధం సాంఘిక బహిష్కారం. అటవీ, పోలీసు ఉద్యోగులకు చాకలి, మంగలి, తిండి సరుకులు బందు పెట్టారు. చరిత్ర పుస్తకాలు దీన్ని గ్రామ ఐక్యతకు గుర్తుగా రాస్తాయి. చాకలిని ఆపింది ఎవరు? మంగలిని ఆపగలిగింది ఎవరు? సేవ చేసే కులాలు ఊరి పెద్దల అదుపులో ఉన్నాయి కాబట్టే ఆ బందు సాధ్యపడింది. వాళ్ళు ఇష్టపడి చేశారా లేదా అన్నది వేరే సంగతి, ఇష్టపడే చేసి ఉండొచ్చు. కానీ ఆ ఆయుధం ఊరి పెద్దల చేతిలోది. అదే ఆయుధం కూలిరేటు పెంచమన్న దళితుల మీద, పెళ్ళి ఊరేగింపు ఊళ్ళోకి తెచ్చిన దళితుల మీద తర్వాత ఎన్నిసార్లు తిరిగిందో మనకు తెలుసు. కిరాణాకొట్టు బందు, పాలు బందు, పని బందు. తెల్లోడి మీద ప్రయోగిస్తే సత్యాగ్రహం, పల్లె మీద ప్రయోగిస్తే కట్టుబాటు.

పుల్లరి పశువున్నోడి సమస్య. మరి పశువు లేనోడికి అడవితో పనేంటి? ఇక్కడే చరిత్రకారులు ఆగిపోతారు. మాదిగోళ్ళకి పశువు బతికుండగా లేకపోయినా, చచ్చిన తర్వాత ఉంది. తోలు ఊనడానికి తంగేడు చెక్క కావాలి, సున్నం కావాలి, నీళ్ళు కావాలి. తంగేడు బంజర్ల నుంచి, అడవి అంచు నుంచి రావాలి. లందలోంచి వచ్చిన తోలే రైతుకు చెప్పయ్యింది, పగ్గమయ్యింది, బావిలోంచి నీళ్ళు తోడే బానయ్యింది. అంటే మెట్ట సేద్యం నడవడానికి అడవికీ చేనుకూ మధ్య ఉన్న మనిషి మాదిగ. మొక్క గురించి, నీటి గురించి, సున్నం గురించి వాడికున్న ఎరుకను ఎవరూ పర్యావరణ జ్ఞానం అనలేదు, కంపు అన్నారు. ఇప్పుడు పట్నాల్లో ‘సహజ పద్ధతిలో ఊనిన తోలు’ అని ఖరీదు కట్టి అమ్ముతున్నారు. లంద పక్కన పుట్టినోడికి నవ్వొస్తుంది.

ఈ ఉద్యమంలోకి వచ్చి అరెస్టయినవాడే ఉన్నవ లక్ష్మీనారాయణ. సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడు మనిషి. జైల్లో కూర్చుని ఆయన రాసింది అడవి నవల కాదు, ‘మాలపల్లి’. మన సాహిత్య విమర్శ ఈ రెంటినీ రెండు అధ్యాయాలుగా చదువుతుంది: ఒకటి ఆయన దేశభక్తి, రెండోది ఆయన సంస్కరణ. నాకు మాత్రం ఇవి ఒకే అధ్యాయం. అడవి మీద హక్కు అడిగిన ఉద్యమంలో జైలుకుపోయిన బ్రాహ్మణ మేధావికి, ఆ అడవి అంచున భూమి లేనోడి కథ రాయకుండా కుదరలేదు. రామదాసు కుటుంబం చేతిలోంచి భూమి జారిపోవడం, కూలోళ్ళ పక్షం నిలబడ్డ సంగదాసును చౌదరయ్య చంపడం, వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడై దోపిడీకి దిగడం, వీటన్నిటికీ మూలం వనరు ఎవరి చేతిలో ఉంది అన్నదే. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించడం ఊరికే జరగలేదు. అయితే ఉన్నవ చూపు కూడా ఒకచోట ఆగుతుంది. ఆయన మాలపల్లికి భక్తినీ త్యాగాన్నీ పుష్కలంగా ఇచ్చాడు. భూమి మీద, నీటి మీద మాట చెల్లించుకునే అధికారం ఇవ్వడానికి చెయ్యి వణికింది. సంగదాసు చచ్చిన తర్వాత ఆయన పేరు మీద పీఠం లేచింది. బతికుండగా పంచాయితీలో ఆయనకు పీట వేయలేదు. ఉన్నవను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ఆనాడు అంతదూరం వచ్చినవాళ్ళు కూడా లేరు. కానీ నూరేళ్ళ తర్వాత రాసే పర్యావరణ సాహిత్యం అక్కడే ఆగిపోతే ఒప్పుకోలేం.

వినుకొండలో పుట్టిన జాషువా ఈ ఆగిన చోటు నుంచి ఇంకోదారి తీశాడు. ఆయనను కులం మీద రాసిన కవిగా చదివాం, చదవాల్సిందే. ప్రకృతి మీద రాసిన కవిగా ఎవరూ పెద్దగా చదవలేదు. భావకవులకు ప్రకృతి అంటే వెన్నెల, పూలు, కోకిల, ఏకాంతం. ఆ ఏకాంతం కూడా ఒక ఆస్తే. జాషువా గిజిగాడి మీద రాశాడు, సాలీడు మీద రాశాడు. గూడు కట్టే పిట్ట, నేసే పురుగు, రెండూ పని తెలిసిన జీవాలు. 1941 నాటి ‘గబ్బిలం’లో అయితే ఎవరూ మొహం చూడని, ఇంట్లోకి వస్తే అరిష్టమని తరిమే జీవిని దూతగా ఎంచుకున్నాడు. కాళిదాసు యక్షుడికి మేఘం దొరికింది, అరుంధతీసుతుడికి గబ్బిలం దొరికింది. తాను పోలేని గుళ్ళోకి గబ్బిలం పోగలదు కాబట్టి. ఇక్కడ ప్రకృతి అందం కాదు, వార్తాహరి. మనిషికి మూసిన తలుపు జంతువుకు తెరిచి ఉండడం అనే లెక్కను బయటపెట్టే సాక్షి. మా ఊళ్ళల్లో ఈ లెక్క పుస్తకం చదవకముందే తెలుసు: ఊరచెరువులో గేదె దిగొచ్చు, మాదిగ బిందె దిగకూడదు. జీవకారుణ్యం మీద మనకు ఉపన్యాసాలు ఇచ్చేవాళ్ళు ‘గబ్బిలం’ ఒకసారి ఈ కోణం నుంచి చదివితే బాగుంటుంది.

గేదె మాట వచ్చింది కాబట్టి కారంచేడు చెప్పకుండా ముందుకు పోలేను. పల్నాటిది కాకపోయినా కారంచేడు లేకుండా ఈ జిల్లాల్లో దళిత రాజకీయం లేదు. 1985 జులై. దళితులు తాగే చెరువు నీళ్ళల్లో పశువుల మురికి కలుపుతుంటే ఇది తాగేనీళ్ళయ్యా అని అడ్డం చెప్పారు. మున్నంగి సువార్త అనే మాదిగ స్త్రీ, కొట్టవచ్చినవాళ్ళ మీదికి చేతిలోని బిందె ఎత్తింది. మర్నాడు, జులై 17న, ఊరు పల్లె మీద పడి ఆరుగుర్ని చంపింది. ఆడవాళ్ళ మీద అత్యాచారాలు చేసింది. దీన్ని మనం కుల దాడిగా, ఆత్మగౌరవ పోరాటంగా చదివాం. అది నిజం. అయితే ఆ రోజు చెరువు మెట్ల మీద మొదట పలికిన మాట ఏమిటి? మంచినీళ్ళను పాడుచేయొద్దు. పర్యావరణ సదస్సుల్లో పదే పదే చెప్పే వాక్యం ఇదే కదా. 1984 డిసెంబరులో భోపాల్, ఏడునెలలకి కారంచేడు. భోపాల్ తర్వాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. కారంచేడు, ఇంకా అలాంటి ఎన్నో ఘోరాల తర్వాత 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. మొదటి చట్టాన్ని పర్యావరణవాదులు చదువుతారు, రెండోదాన్ని దళిత లాయర్లు చదువుతారు. కానీ ఈ రెండో చట్టం మూడో సెక్షన్‌లోనే ఒక నేరం రాసి ఉంది: దళితులు, ఆదివాసులు మామూలుగా వాడుకునే ఊటనుగానీ చెరువునుగానీ మరే నీటివనరునుగానీ వాడకానికి పనికిరాకుండా మలినం చేయడం. అంటే మన దేశంలో నీటి కాలుష్యాన్ని కులంతో కలిపి చూసిన చట్టం ఉంది. ముప్పై ఏళ్ళు దాటినా మన పర్యావరణ కరపత్రాల్లో దాని ఊసు లేదు. పౌరులు ఏంచేయాలి అన్న చాప్టర్లో హరిత ట్రిబ్యునల్ ఉంటుంది, కన్స్యూమర్ కోర్టు కూడా ఉంటుంది, ఇది ఉండదు.

మహద్ సంగతి కూడా ఇట్లాంటిదే. 1927లో అంబేడ్కర్ చవదారు చెరువు నీళ్ళు తాగడం హక్కుల చరిత్రలో ఉంది, నీటి చరిత్రలో లేదు. ముకుల్ శర్మ లాంటి పరిశోధకులు 2017లో కులాన్నీ ప్రకృతినీ కలిపి ఇంగ్లీషులో పుస్తకం రాశాక విశ్వవిద్యాలయాల్లో కొంత కదలిక వచ్చింది. తెలుగులో ఆ పని ఇంకా మొదలుకావాల్సే ఉంది.

ఇప్పుడు సున్నపురాయి దగ్గరికి వద్దాం. పిడుగురాళ్ళ, దాచేపల్లి, మాచర్ల పట్టీ అంతా సున్నపురాయే. ఒకప్పుడు బట్టీలు, తర్వాత సిమెంటు. వాతావరణ మార్పు అంటే ఎక్కడో ధ్రువాల దగ్గర మంచు కరగడం అనుకునే విద్యార్థులకు నేను బట్టీ లెక్క చెబుతుంటాను. శుద్ధమైన సున్నపురాయి వంద కిలోలు కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది. మిగతా 44 కిలోలు బొగ్గుపులుసు గాలిగా ఆకాశానికి పోతుంది. ఇది బొగ్గు పొగ కాదు, రాయిలోంచే వచ్చే గాలి. బొగ్గు పొగ దీనికి అదనం. అందుకే ప్రపంచం మొత్తం వదిలే బొగ్గుపులుసు గాలిలో దాదాపు ఏడెనిమిది శాతం సిమెంటు పరిశ్రమదే అని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. పల్నాటి గుట్ట అట్లా కరిగి హైదరాబాదు ఫ్లైఓవరు అవుతుంది, సగం గాలి అవుతుంది. పల్లెకు మిగిలేది గుంత, గుంతలో వాననీళ్ళు, ఇంటి కప్పు మీద దుమ్ము. ఆ గుంతల్లో ఈతకు దిగి పిల్లలు చనిపోయిన వార్తలు జిల్లా పేజీలో చిన్న అక్షరాల్లో వస్తాయి.

కొన్నేళ్ళ కిందట ఒక సిమెంటు ఫ్యాక్టరీ విస్తరణ మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే పోయాను. పేరు అవసరం లేదు, అన్నీ అట్లాగే జరుగుతాయి. షామియానా, ముందు వరస కుర్చీలు, మజ్జిగ ప్యాకెట్లు, పోలీసులు. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టిన సీమ ఇది అని ఒకాయన మైకులో గొప్పగా చెప్పాడు. చాప పరిచారు, నిజమే, కూడు ఎక్కడ వండారో మాకు చూపించలేదు. మా పల్లె పెద్దమ్మ ఒకామె నా పక్కన కింద కూర్చుంది. మైకు ఇస్తే మాట్లాడతావా పెద్దమ్మా అన్నాను. ‘ఏం మాట్లాడమంటావు అబ్బాయ్, నా కొడుకు ఆడనే లోడింగుకి పోతన్నాడు. వద్దంటే వాడి పని పాయె, కావాలంటే నా ఉబ్బసం పాయెనా?’ అంది. నాలుగు గంటల సభలో నేను విన్న ఒకే ఒక పర్యావరణ ప్రభావ అంచనా అది. అది మినిట్స్‌లో ఎక్కలేదు, ఎందుకంటే ఆమె మైకులో అనలేదు.

2006 నోటిఫికేషన్ ప్రకారం ఆ సభ గురించి కనీసం 30 రోజుల ముందు పేపర్లో నోటీసు రావాలి. నివేదిక సారాంశం తెలుగులో ఇవ్వాలి. సభ మొత్తం వీడియో తీయాలి. ఎవరేమన్నారో, దానికి కంపెనీ ఏం జవాబిచ్చిందో రాసుకుని, చివర అక్కడే స్థానిక భాషలో చదివి వినిపించాలి. సభకు రాలేనివాళ్ళు, రావడానికి భయపడేవాళ్ళు రాతపూర్వకంగా కాలుష్య నియంత్రణ మండలికి పంపొచ్చు. ఈ చివరి వీలు మనవాళ్ళకి అన్నింటికన్నా అవసరమైంది, దీన్నే ఎవరూ చెప్పరు. ఇంకో తిరకాసు కూడా ఉంది. ఆ సభకు కోరం లేదు. ముగ్గురొచ్చినా జరిగినట్టే. మనం బహిష్కరిస్తే వాళ్ళకి నష్టం లేదు. బహిష్కారం అనే పల్నాటి పాత ఆయుధం ఈ ఒక్కచోట పనిచేయదు. అనుమతి వచ్చాక ట్రిబ్యునల్‌కు పోవాలంటే గడువు 30 రోజులు, తగిన కారణం చూపిస్తే ఇంకో 60. ట్రిబ్యునల్ దక్షిణ బెంచి చెన్నైలో ఉంది. దాచేపల్లి నుంచి చెన్నైకి ఒక రోజు కూలి పోగొట్టుకుని పోయేది ఎవరు? అందుకే ఈ పోరాటం సంఘం చేయాలి, విడి పౌరుడు చేసేది కాదు. పౌరుడికి చేతకాక కాదు, ఒంటరిగా దొరికిపోతాడు కాబట్టి.

సాగర్ ఒడ్డున జరిగింది చూడండి. మాచర్ల వైపు విజయపురి సౌత్ నుంచి అవతలి ఒడ్డు కనిపిస్తుంది. అటువైపు పెద్దగట్టు, లంబాపురం దగ్గర యురేనియం తవ్వుతామన్నారు. 2003 ఆగస్టులో పెద్దగట్టులో బహిరంగ విచారణ పెడితే లంబాడీ తండాల జనం, కార్యకర్తలు గట్టిగా ఎదిరించారు. శుద్ధి కర్మాగారం మీద 2005లో ఇంకోటి జరిగింది. గని మొదలుకాలేదు. అప్పుడు సినిమావాళ్ళు మాట్లాడలేదు. 2019లో అమ్రాబాదు నల్లమలలో యురేనియం అన్వేషణ అనగానే ‘సేవ్ నల్లమల’ అని రాష్ట్రమంతా, సినిమా తారలతో సహా, గొంతు కలిపింది. ఆ సెప్టెంబరులోనే తెలంగాణ అసెంబ్లీ వ్యతిరేక తీర్మానం చేసింది. ఇది విజయమే, నేను కాదనను. పౌర ఒత్తిడి పనిచేస్తుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. కానీ తేడా గమనించాలి. 2003లో విషయం తండా, 2019 నాటికి విషయం అడవి, పులి, పట్నం తాగేనీళ్ళు. రోడ్డు మీద కూర్చున్న చెంచులు పోస్టర్లో బొమ్మయ్యారు. అడవిని కాపాడాలన్న మాట గెలిచింది, అడవిలో ఉండనివ్వాలన్న మాట ఇంకా పెండింగులో ఉంది. ఆ పులుల అభయారణ్యం పేరుమీదే చెంచుల్ని బయటకి పొమ్మని అడుగుతున్నారు కదా.

ఇదే అడవి చట్టం పల్నాటి మెట్టకు ఇంకోరకంగా అడ్డుపడింది. ప్రాజెక్టు కట్టింది పల్నాటి గడప దగ్గర. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేశాడు, 1967లో కుడి కాలవకు నీళ్ళొదిలారు. ఆ కాలవ కిందికి పోయింది. పైనున్న వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి మెట్టలకు నీళ్ళు ఎక్కలేదు, ఫ్లోరైడు నీళ్ళే తాగారు. వరికపూడిశెల వాగు నుంచి ఎత్తిపోయమని ఏళ్ళ తరబడి అడిగారు. శంకుస్థాపన రాళ్ళు పడ్డాయి, పని పడలేదు. పులుల అభయారణ్యంలో పని చేయాలంటే వన్యప్రాణి అనుమతులు కావాలన్నారు. ఆ అనుమతులు వచ్చాయని 2023 నవంబరులో మాచర్లలో మళ్ళీ శంకుస్థాపన జరిగింది. మొదటి దశలో దాదాపు 25 వేల ఎకరాలకు నీళ్ళని చెప్పారు. పర్యావరణవాది ఇక్కడ ఎటువైపు నిలబడాలి? పులి వైపా, ఎత్తిపోతల వైపా అని అడిగితే ప్రశ్నే తప్పు. సిమెంటు గనికి దారి ఇచ్చే చట్టం మంచినీళ్ళ పైపుకు ఎందుకు అన్నేళ్ళు పట్టింది అని అడగాలి. అట్లాగే ఆ 25 వేల ఎకరాల్లో దళితులవి ఎన్ని ఎకరాలని కూడా అడగాలి. నీళ్ళొస్తే కౌలు పెరుగుతుంది. కౌలు చేసేవాడికి ఆ పెరుగుదల వరమో భారమో నీళ్ళు రాకముందే తేల్చుకోవాలి.

మన లోపలి మాట కూడా కొంత ఉంది. దళిత ఉద్యమంలో పర్యావరణం అనగానే ముఖం చిట్లించేవాళ్ళు ఉన్నారు, నేనూ ఒకప్పుడు అదే. మాకు తిండిలేదు, వీళ్ళకి పిట్టలు కావాలి అనేవాళ్ళం. అంబేడ్కర్ పల్లెను పొగడలేదు, పరిశ్రమలు, పట్నం కావాలన్నాడు, మనం ఫ్యాక్టరీని ఎందుకు వ్యతిరేకించాలి అని ఒక మిత్రుడు ఈమధ్య నాతో వాదించాడు. ఆయన మాటలో బలం ఉంది. పాత పల్లె తిరిగి రావాలని కోరుకునే పర్యావరణవాదంతో మనకు పొత్తు కుదరదు. ఆ పచ్చని పల్లెలో మన స్థానం ఏమిటో మనకు గుర్తుంది. కానీ అంబేడ్కర్ కోరిన పరిశ్రమ కార్మికుడికి హక్కులిచ్చే పరిశ్రమ. పర్మినెంటు ఉద్యోగం ఒకరికి, లోడింగు కాంట్రాక్టు ఇంకొకరికి, దుమ్ము మూడోవాడికి పంచే పరిశ్రమను ఆయన ఖాతాలో వేయకూడదు. కులం ఫ్యాక్టరీ గేటు బయట చెప్పులు విడిచిపెట్టి లోపలికి రాలేదు.

2024 మార్చిలో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందడం 14, 21 అధికరణాల కింద హక్కు అంది. పేదలు, వెనకబడ్డ సమూహాలు ఎక్కువ దెబ్బతింటే అది సమానత్వ హక్కుకే భంగం అని కూడా అంది. ఇది బట్టమేక పిట్టకీ సోలారు కరెంటు తీగలకీ మధ్య వచ్చిన కేసు. ఎండలో చనిపోయిన కూలీ తరఫున వేసింది కాదు. హక్కు పిట్ట కేసులో పుట్టినా మనం వాడుకోవచ్చు, జాషువా గబ్బిలాన్ని వాడుకున్నట్టే. 14వ అధికరణం అందులో ఉండటం మనకు ముఖ్యం. ఎండ అందరికీ ఒకటే అన్న వాదాన్ని అది ఒప్పుకోలేదు.

దాన్ని పట్టుకుని పల్నాటిలో ఏం అడగొచ్చు? పగలు పదకొండు నుంచి నాలుగు దాకా బయటి పని ఆపి కూలి కోయకుండా ఇవ్వమని అడగొచ్చు. రేకులషెడ్డు కాలనీ ఇళ్ళకు వేడి దిగని కప్పు, మాలపల్లెకూ మాదిగపల్లెకూ ఫ్లోరైడు లేని నీళ్ళు, 2013 సబ్‌ప్లాన్ చట్టం డబ్బుల్లోంచే కట్టమనొచ్చు. ఆ డబ్బులు మళ్ళించారో లేదో సమాచార హక్కు కింద లాగొచ్చు. సోలారు పేరుతోగానీ గని పేరుతోగానీ అసైన్డు భూమి అడిగినప్పుడు, ఆ భూమి ఎవరి పేరున పట్టా ఉందో, ఎవరి చేతిలో ఉందో, 1977 చట్టం కింద ముందు తేల్చమని గ్రామసభలో రాయించొచ్చు. పురుగుమందు కొట్టే కూలీకి వైద్యం, మాస్కు ఇవ్వాల్సింది చేనుగలాయనా, కంపెనీనా అన్న తగువు తేలకుండా ఉంది, దాన్నీ తేల్చమనాలి. ఇవేవీ ‘భూమిని కాపాడండి’ అన్న బ్యానర్ కింద ఇమడవు. అందుకే కొందరు పర్యావరణ మిత్రులు ఇవి కూలి డిమాండ్లు కదా అంటున్నారు. అవును, కూలి డిమాండ్లే. కారంచేడులో బిందె ఎత్తినప్పుడు కూడా అది కులం గొడవ అన్నారు, నీళ్ళ గొడవ అనలేదు.

ఆ పెద్దమ్మ ఉబ్బసం సంగతి రాతపూర్వకంగా మండలికి పంపాం. ఆమె వేలిముద్ర వేసింది, ఇంకో 30 మందికి పైగా వేశారు. కొడుకు పని పోలేదు. జవాబు మాత్రం ఇంకా రాలేదు.